ఈనె లేని ఆకు

"ఆ పార కింద పెట్టండి."

తొకుజో పార కింద పెట్టలేదు. అలాగని తవ్వనూ లేదు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇంటి వెనక ఉత్తరపు నీడలో, భార్య మొహం చూడకుండా మొక్కల వంక చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అతనికి ఆమెతో పోట్లాడటం చేతకాలేదు. పోట్లాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పనిముట్టు పట్టుకుని నిలబడటం ఒక్కటే తెలుసు.

"ఆసుపత్రి నుంచి ఇంకా కబురు రాలేదు," అన్నాడు చివరికి. "సుగే మామ్మ కళ్ళు తెరవలేదట. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందట."

"తెలుసు."

"రేపు పొద్దున్న ఆరోగ్య శాఖ వాళ్ళు వస్తారు. ఏం కోశారు, ఎక్కడ కోశారు అని అడుగుతారు."

"అదీ తెలుసు. దానికీ నా మొక్కలకీ సంబంధం ఏమిటండీ?" అంది మిత్సుయే.

సంబంధం ఉందని ఊరు తీర్మానించేసింది. మొన్న సాయంత్రం ఈ ఇంటి నుంచి పక్కింటికి ఒక గిన్నెడు ఉరుయి వెళ్ళింది. నీడన పెరిగే గిబోషి మొక్క లేత మొవ్వుల్ని ఆ కొండ లోయలో ఉరుయి అంటారు. మంచు కరగ్గానే నేల చీల్చుకుని వచ్చే ఆ మొవ్వుల్ని ఉడకబెట్టి, పులియబెట్టిన సోయా ముద్ద, మిసో, కలిపి, మొదటి గిన్నె ఇరుగుపొరుగుకి పంపాకే ఇంట్లో వాళ్ళు తింటారు. ఈ ఏడు ఇంట్లోకి వచ్చినవే నాలుగు మొవ్వులు కావడంతో అన్నీ పక్కింటికే వెళ్ళాయి. పక్కింటి సుగే మామ్మ తృప్తిగా తింది, కొడుకు రెండు ముద్దలు తిన్నాడు. రెండు గంటలు తిరక్కుండా ఇద్దరికీ వాంతులు. కొడుకు తెల్లారేసరికి లేచి కూర్చున్నాడు. మామ్మ లేవలేదు.

మిత్సుయే అప్పుడు ఊళ్ళోనే లేదు. తన అన్న సంవత్సరీకానికి పుట్టిల్లు సకతా రేవుకి వెళ్ళి, మూడు రోజులుండి, మొన్న రాత్రి ఆఖరి బస్సు దిగేసరికి పక్కింటి ముందు ఆసుపత్రి బండి ఎర్ర దీపం తిరుగుతోంది.

"మీ అమ్మగారు బుట్ట పట్టుకుని వెళ్ళారని మీరే చెప్పారు. ఆవిడ బూట్లకి బురద ఇంకా ఆరలేదు. కొండ మీద కోసుకొచ్చిన వాటికి నా తోట ఎందుకు తవ్వాలి?"

తొకుజో వెనక్కి తిరిగి చూశాడు. తోటవైపున్న కాగితపు తలుపు మూసి ఉంది. దాని వెనక గది తల్లిది.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు. "అమ్మ కొండ మీద పొరపాటు పడిందని నన్ను చెప్పమంటావా? అరవై ఏళ్ళుగా ఏది తినాలో, ఏది తినకూడదో ఈ లోయలో ఆడవాళ్ళందరికీ నేర్పింది మా అమ్మ. షినా కోసిందంటే చాలు, కళ్ళు మూసుకుని తింటారు. ఆ మాటే పోతే ఆవిడకింక ఏం మిగులుతుంది?"

"నాకేం మిగులుతుందండీ?"

"నీకేం? సముద్రం పక్కనుంచి వచ్చినదానివి. తెలీక ఏదో పెంచింది అనుకుంటారు. రెండు నెలలు అనుకుని మర్చిపోతారు."

"పన్నెండేళ్ళయింది, నేను సకతా పిల్లనన్న సంగతే ఇంకా మర్చిపోలేదు వాళ్ళు. ఇది మర్చిపోతారా?"

తొకుజో పార పిడి మీద ఎండిన మట్టిని బొటనవేలితో గీకాడు.

"తోట తీసేశామంటే ఊరు కాస్త చల్లబడుతుంది, మిత్సుయే. అంతే నేననేది."

అంటే నిందా మోయాలి, తోటా పోవాలి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

ఆ తోట ఆమెకి ఎవరో ప్రేమగా ఇచ్చింది కాదు. కొత్త కోడలు ఇంత నేల అడిగితే, ఎండ పొడ సోకని ఈ మూల చూపించింది అత్తగారు. "ఇక్కడ ఏం వేసినా రాదు. నీ ఇష్టం," అంది. ఊళ్ళో మంచు అంతా కరిగాక ఇక్కడ కరుగుతుంది. దేవదారు చెట్ల నీడ మధ్యాహ్నం కూడా వదలదు. అలాంటి చోట బతికేది గిబోషి ఒక్కటేనని తెలుసుకోవడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఒక దుబ్బు కుదురుకుని దాని అసలు ఆకు చూపించడానికి ఇంకో అయిదేళ్ళు. ఎవరూ కోయకుండా వదిలేస్తే, వానలు పట్టేనాటికి ఒక్కో ఆకు చేటంత అవుతుంది. మీద బూడిద చల్లినట్టు నీలంగా ఉంటుంది. పొద్దున్నే లేచి ఆ ఆకుల మీద నత్తలు ఏరేటప్పుడు మిత్సుయే వాటితో మాట్లాడేది. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

అత్తగారికి ఈ ముచ్చట ఏనాడూ అర్థం కాలేదు. "తినే మొక్కని పెంచుకుని చూస్తూ కూర్చుంటావేమే? ఆకులు చూస్తే కడుపు నిండుతుందా?" అనేది. పోయిన వసంతంలో కత్తి పట్టుకుని పెద్ద దుబ్బు దగ్గరికి వస్తే, మిత్సుయే అడ్డంగా నిలబడింది. మూడు వారాలు మాటల్లేవు.

"సరే," అంది మిత్సుయే. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీ అమ్మగారి పరువు కోసం తవ్వుతానంటే తవ్వండి. ఆ చివరి మూల మాత్రం వదిలెయ్యండి. కొట్టు వెనకున్నవి."

"అక్కడేం ఉన్నాయి?"

"పోయిన శరత్తులో వాగు గట్టు మీద రోడ్డు వేసేవాళ్ళు తవ్విపోస్తుంటే దుంపలు ఏరి తెచ్చుకున్నాను. ఎండాకాలం అక్కడ ఎంతెంత ఆకులుండేవో మీరూ చూశారుగా. నేను ఊరెళ్ళేనాటికి ఆ మూల ఇంకా మంచు కిందే ఉంది. మొలిచాయో లేదో కూడా చూసుకోలేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. ఒక్కసారైనా వాటి మొహం చూడనివ్వండి."

"మొక్కలకి మొహాలేమిటి?" అని విసుక్కున్నాడు గాని, అతని గొంతులో కోపం లేదు. "సరే. ఆ మూల చివర్న చూద్దాంలే."

* * *

గిన్నె తిరిగొచ్చింది పదింటికి.

పెరటి గుమ్మంలో కజుయో నిలబడింది. సుగే మామ్మ కోడలు. రెండు రాత్రుల నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి. ఈ లోయలో మిత్సుయేతో నవ్వుతూ మాట్లాడే మనిషి కజుయో ఒక్కతే. అత్తల మీద చాడీలు చెప్పుకోవాలంటే ఇద్దరికీ మధ్యనున్న వెదురు కంచె సరిపోయేది.

"నీ గిన్నె, వదినా," అంది.

నీలం చేపల బొమ్మలున్న గిన్నె. మిత్సుయే రెండు చేతులా అందుకుంది. తేలిగ్గా ఉంది. లోపలికి చూసింది.

శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా తెచ్చింది.

గిన్నె ఖాళీగా తిప్పి పంపడం ఏ ఇంట్లోనూ లేదు. ఇంట్లో ఏమీ లేకపోతే రెండు ముల్లంగి ఊరగాయ ముక్కలు, అదీ లేకపోతే ఒక అగ్గిపెట్టె, అదీ లేనినాడు మడిచిన తెల్ల కాగితం ముక్కైనా వేసి ఇస్తారు. పన్నెండేళ్ళలో ఈ గిన్నె ఆ కంచె దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఒక్కసారీ ఉత్తగా రాలేదు.

"మా ఆయన చెప్పాడు, ఏమీ వెయ్యొద్దని," అంది కజుయో, ఆ చూపు అర్థమై. "నేను రెండు మొచీ బియ్యప్పిండి ముద్దలు వేశాను. తీసేశాడు."

"మామ్మకి ఎలా ఉంది?"

"అలాగే ఉంది." కజుయో గుమ్మంలోంచి లోపలికి రాలేదు. "ఆ రాత్రి మా ఆయన ఒక ముద్ద తిని, చేదుగా ఉందేమిటమ్మా అన్నాడు. మా అత్తగారు ఏమన్నారో తెలుసా? 'షినా పంపింది. వంకలు పెట్టకుండా తిను' అన్నారు. అని మిగిలిందంతా ఆవిడే లాగించారు. చిన్నప్పట్నుంచీ కలిసి కొండెక్కినవాళ్ళు వదినా. ఆవిడ చేతి మీద ఈవిడకి అంత గురి."

మిత్సుయే తల వంచుకుంది.

"ఊళ్ళో అంతా నీ తోటలోవే అంటున్నారు. కాదని నేను పోట్లాడాను. నిన్న నీళ్ళ పంపు దగ్గర నలుగురితో పోట్లాడాను. మా వదిన ఆ మొక్కల్ని పిల్లల్లా చూసుకుంటుంది, వాటిలో ఏది ఏదో దానికి తెలీకుండా ఉంటుందా అన్నాను. చెప్పు వదినా, నేనన్నది నిజమేనా? కోసింది మీ అత్తగారేనా? ఎక్కడ కోసింది?"

వంటింటి చూరు కింద, బొగ్గుల బుట్ట వెనక, పాత వార్తాపత్రికలో చుట్టిన ఒక పొట్లం ఉంది. ఊరి నుంచి వచ్చిన రాత్రే మిత్సుయే కుడితి బకెట్లో చెయ్యి పెట్టి వెతికింది. కూరకి తరిగినప్పుడు తీసేసిన చివర్లు, మాడిన ఆకు ముక్కలు దొరికాయి. దీపం కిందికి తెచ్చి చూసింది.

కోడలిగా వచ్చిన మొదటి వసంతంలో అత్తగారు నేర్పిన పాఠం అది. ఒక ఆకు గిబోషి, ఒక ఆకు బైకేసో అనే విషపు మొక్క, రెండూ చేతిలో పెట్టింది. లేతగా ఉన్నప్పుడు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. "ఆకు నడుమ ఈనె ఉందా చూడు. నడిమీనె నుంచి పక్క ఈనెలు చీలితే తిను. నడిమీనె లేకుండా మొదలు నుంచి కొసదాకా అన్నీ గీతలే అయితే, బంగారంలా ఉన్నా వదిలెయ్యి," అంది.

బకెట్లో దొరికిన ముక్కలకి ఈనె లేదు.

ఆ పాఠం చెప్పిన మనిషికే ఈనె కనపడలేదు. అదీ మిత్సుయేకి అంతుపట్టనిది కాదు. అత్తగారి కళ్ళకి పొర కమ్ముతోందని ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. సూదిలో దారం ఎక్కించమనడం మానేసి, అసలు కుట్టడమే మానేసింది ముసలావిడ. చారులో రెండుసార్లు ఉప్పు పడుతోంది. పోయిన నెల దారి పక్కన గెడకి ఆరేసిన వాన కోటుకి నడుం వంచి దండం పెట్టి, "ఈ మధ్య కనపడ్డం లేదేమిటి?" అని కుశలం అడిగింది. మిత్సుయే నవ్వు ఆపుకుని, చూడనట్టే పక్కనుంచి నడిచింది.

"వదినా, మాట్లాడవేం?" అంది కజుయో.

సరిగ్గా అప్పుడే కాగితపు తలుపు జరిగింది. షినా గడప మీద నిలబడింది. రెండు రోజులుగా ముద్ద ముట్టని మనిషి, తలుపు చట్రాన్ని వదల్లేదు. చూపు కజుయో వైపు తిరిగింది గాని, కజుయో కంటే ఒక బారెడు పక్కన ఆగింది.

"కజుయో," అంది. "ఆ ఆకులు నేను..."

పక్కకి పోయిన ఆ చూపు చూశాక మిత్సుయే ఆగలేకపోయింది. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా, అది జాలో, పంతమో, ఈ ఇంట్లో ఒక్కసారైనా తనది పైచెయ్యి కావాలన్న కోరికో ఆమెకి తేలలేదు.

"నా తోటలోవే," అంది గట్టిగా. "అత్తయ్య కోయలేదు. ఊరెళ్ళే ముందు నేనే కోసి పెట్టి వెళ్ళాను. పంపమని నేనే చెప్పాను. అవి ఏ రకమో నాకు సరిగ్గా తెలీదు. తప్పంతా నాదే."

"నోరు ముయ్యవే!" అని అరిచింది షినా.

ఆ అరుపుకి తోటలో తొకుజో పార మీద చెయ్యి బిగించాడు.

"అయితే వాళ్ళన్నదే నిజమన్నమాట," అంది కజుయో. "నేనే వెర్రిదాన్ని. నీ తరఫున నలుగురితో మాట పడ్డాను."

"కజుయో..."

"మా అత్తగారు లేస్తే నీ అదృష్టం. లేవకపోతే ఈ కంచె దగ్గర నాతో మాట్లాడకు."

మిత్సుయే నేల మీద మోకాళ్ళూని నుదురు ఆనించింది. తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. ఖాళీ గిన్నె ఆమె పక్కనే ఉంది. వెనక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది, తోటలో మొదటి పార వేటు వినిపించింది.

* * *

పెద్ద దుబ్బులు అంత తేలిగ్గా రావు. ఏళ్ళ తరబడి వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తొకుజో చుట్టూ తవ్వి, పార కింద పెట్టి ఎత్తి, ఆయాసపడుతూ పక్కకి దొర్లించాడు. అప్పుడే విచ్చుకుంటున్న అరచెయ్యంత ఆకులు మట్టిలో బోర్లా పడ్డాయి. ఇంకో నెల ఆగితే చేటంత అయ్యేవి.

మిత్సుయే అరుగు మీద కూర్చుని చూసింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

దాని బదులు ఇంకొకటి వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే గాని, అది గర్వం. పన్నెండేళ్ళలో మొదటిసారి ఈ ఇల్లు ఆమెకి రుణపడింది. ఆకుల పిచ్చిదని, పిల్లల్లేనిదని, చేపల కంపు వదలని సకతా పిల్ల అని అన్నవాళ్ళెవరికీ తెలియకపోయినా, ఈ ఇంట్లో ఒక మనిషికి తెలుసు, ఎవరి తప్పు ఎవరు మోస్తున్నారో. ఆ పొట్లం చూరు కింద ఉన్నంతకాలం తన మంచితనం తన చేతిలో ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పొచ్చు. విప్పదు. అదే గొప్ప.

స్నేహితురాలు పోయింది, తోట పోతోంది. మంచిదాన్నన్న మాటైనా తనకి తను చెప్పుకోకపోతే ఆ మధ్యాహ్నం గడిచేది కాదు.

గంజి కాచి, ఉప్పురేగు ఒకటి వేసి, పళ్ళెంలో పెట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. నడుం గుడ్డ చాటున పొట్లం కూడా తీసుకెళ్ళింది. ఎందుకు తీసుకెళ్ళిందంటే, పైకి మాత్రం, దాన్ని ఆవిడ కళ్ళ ముందే పొయ్యిలో వేసి ఆవిడ మనసు తేలికపరచాలని.

షినా, కింద కుంపటి పెట్టి దుప్పటి కప్పిన బల్ల దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. పార చప్పుడు పడ్డప్పుడల్లా కనురెప్పలు అదురుతున్నాయి.

"గంజి తాగండి అత్తయ్యా."

"వాడు ఎన్ని తవ్వాడు?"

"సగం అయ్యాయి. మీరు తాగండి."

"పెద్దదాన్ని కూడానా? గోడ పక్కది?"

"ముందు దాన్నే."

గంజి మీద మీగడ కట్టింది.

మిత్సుయే పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, నాకంతా తెలుసు," అంది. గొంతు చాలా మెత్తగా వచ్చింది, అంత మెత్తదనం అవసరం లేదేమో కూడా. "కుడితి బకెట్లో చూశాను. వీటికి నడిమీనె లేదు. మీ కళ్ళ సంగతి కూడా నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కొండ మీద ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ఇది నేను కాల్చేస్తాను. మీరు మనసులో ఏం పెట్టుకోకండి."

షినా తల ఆమె వైపు తిరిగింది. ఆవిడ కళ్ళలోని బూడిద పొర కిటికీ వెలుగులో స్పష్టంగా కనిపించింది.

"నేను కొండకి వెళ్ళానని నీకెవరు చెప్పారు?"

"బుట్ట... బూట్లకి బురద..."

"బుట్ట పట్టుకుని కొండ దారి మొదటిదాకా వెళ్ళాను. మంచు ఇంకా నడుం లోతుంది. ఈ మోకాళ్ళతో నేనెక్కడ ఎక్కుతాను? తిరిగొచ్చేశాను." షినా బల్ల అంచు పట్టుకుని లేవబోయింది. "సుగే ముందురోజే అడిగింది. ఈ ఏడు ఉరుయి ఇంకా నోట పడలేదే, బతికుండగా పెట్టవే అని నవ్వింది. ముసలిది నోరు తెరిచి అడిగితే లేదని ఎలా అనను? లే. నన్ను పట్టుకో. చూపిస్తా."

మిత్సుయే లేచి చెయ్యి అందించింది.

అరుగు దిగి, బోర్లా పడ్డ దుబ్బుల మధ్యనుంచి, మిత్సుయే మణికట్టు పట్టుకుని ముసలావిడ నడిచింది. తొకుజో పార ఆపి చూశాడు. "ఎక్కడికమ్మా?" అన్నాడు. ఆవిడ పనిముట్ల కొట్టు గోడ తడుముకుంటూ, వెనక్కి తిరిగి, చివరి మూలకి చేరింది. అక్కడ ఒంగి, నేల మీద చెయ్యి పెట్టింది.

"ఇదిగో. ఇవి."

మంచు కరిగిన నల్ల మట్టిలో నాలుగు మొవ్వులు కోసిన మొదళ్ళు ఉన్నాయి. షినా కత్తి కోతే. నేలకి ఏటవాలుగా, ఒక్క వేటుతో, పక్క మొవ్వుకి దెబ్బ తగలకుండా కోస్తుంది. వాటి పక్కనే కొత్తవి రెండు, జానెడు లేచి, పచ్చగా, బలంగా, ఆకులు విప్పుతున్నాయి.

మిత్సుయే మట్టిలో కూలబడింది. పోయిన శరత్తులో వాగు గట్టున ఆకులన్నీ మంచుకి మాడిపోయాక, ఉత్త దుంపలు చూసి, ఎండాకాలం ఇక్కడ గిబోషీలుండేవి గనక ఇవి అవేనని ఏరి తెచ్చుకుంది. ఆకు లేని దుంపని నమ్మకూడదని లోయలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆమె సకతా పిల్ల.

వేలితో ఒక ఆకుని మొదలు నుంచి కొసదాకా తడిమింది. మడతలు, గీతలు. అన్నీ ఒకే తీరు. నడుమ ఈనె లేదు.

"పోయినేడు నీతో గొడవైందిగా," అంది షినా పక్కనే గొంతుక్కూర్చుని. "నీ పెద్దాకుల జోలికి పోకూడదనుకున్నా. ఈ మూలవి కొత్తవి గదా, నాలుగు కోస్తే నీకు తెలీదులే అనుకున్నా. దొంగతనంగానే కోశాను. వచ్చాక చెబుదామనుకున్నా. చెబితే అరుస్తావని భయం."

"అత్తయ్యా, మీరు... చూసుకోలేదా?"

"కొండ మీదైతే ప్రతి ఆకూ తడిమి చూసేదాన్ని. ఈ కళ్ళు పోయాక రెండేళ్ళుగా వేళ్ళతోనే కోస్తున్నాను. ఒక్క తప్పు పడలేదు." ఆవిడ పక్కనున్న మొవ్వు మీద చెయ్యి వేసింది. "ఇది ఇంట్లోది. నువ్వు పెంచింది. నీ తోటలోదాన్ని తడిమి చూడాల్సిన పనేముంది అనుకున్నానే."

ఆకు మీద మిత్సుయే వేలు అలాగే ఉండిపోయింది.

"ఇందాక నువ్వు నా కోసం అబద్ధమాడాననుకున్నావు. నిజమే చెప్పావు. అందుకే నోరు ముయ్యమన్నా. రెండు రోజులుగా నేను నోరు విప్పనిది కూడా అందుకే." షినా తన నడుం గుడ్డతో మొహం తుడుచుకుంది. "రేపు వాళ్ళొస్తే కొండ మీద కోశానని చెబుతాను. కళ్ళు కనపడవని కూడా చెబుతాను, అది ఎటూ నిజమే. ఎనభై రెండేళ్ళదాన్ని నన్నేం చేస్తారు? నీకింకా ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు బతకాల్సి ఉంది. కాకపోతే ఒకటుంది. సుగే లేచి అడిగితే దానికి మాత్రం నువ్వే నిజం చెప్పు. నేను దానితో అబద్ధం ఆడలేను."

మిత్సుయే తలూపలేదు. మెల్లమెల్లగా ఒక సంగతి ఆమెకి అర్థమవుతోంది. పొద్దున్న కజుయో ముందు ఎత్తుకోగలిగిన నింద ఇప్పుడు మోయలేకపోతోంది. తనది కానప్పుడు ఎంత తేలిగ్గా ఎత్తుకుంది! తనదని తెలిసేసరికి ఎవరి నెత్తినైనా పెట్టి పారిపోవాలనిపిస్తోంది. కజుయో మొహం కళ్ళ ముందు కదిలింది. ఆసుపత్రిలో కళ్ళు తెరవని మామ్మ కదిలింది. ఈ రెండు మొవ్వులూ ఇక్కడ నిలబడి ఉంటే, రేపు వచ్చేవాళ్ళు ఒక్కసారి వంగి చూస్తే చాలు.

బూట్ల చప్పుడయింది. కొట్టు మూల తిరిగి తొకుజో వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. తల్లినీ భార్యనీ పక్కపక్కన మట్టిలో చూసి కాస్త తడబడ్డాడు. ఇద్దరూ రాజీ పడ్డారనుకున్నాడు కాబోలు, మొహంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది.

"అటువైపు అయిపోయింది," అన్నాడు. ఆ తర్వాత మిత్సుయే వంక చూసి, మాట మెత్తబరిచి, "ఈ మూల నువ్వు ఉంచమన్నావుగా. చిన్నదే కదా, ఎవరికీ కనపడదు. ఉంచేద్దాంలే. ఇవైనా ఉండనీ నీకు," అన్నాడు.

పన్నెండేళ్ళలో అతను ఆమె కోసం ఏదైనా ఉంచుతానన్నది అదే మొదటిసారి.

షినా చెయ్యి ఇంకా కోడలి మణికట్టు మీదే ఉంది.

"వద్దు," అంది మిత్సుయే. "తవ్వెయ్యండి."

"ఏమిటి?"

"ఇప్పుడే తవ్వెయ్యండి. తవ్వి వాగులో పారేసి రండి. రేపు వాళ్ళొచ్చేసరికి ఇక్కడ ఒక్క వేరు ఉండకూడదు."

"పొద్దున్నుంచీ దీని కోసమేగా ఏడ్చావు?" అన్నాడు తొకుజో ఏమీ అర్థంకాక.

ఆమె అత్తగారి వైపు చూడలేదు. మణికట్టు మీద ముసలి వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలేశాయి.

షినా లేచింది. ఈసారి ఎవరి ఆసరా అడగలేదు. కొట్టు గోడ తడుముకుంటూ, తవ్విపోసిన మట్టిలో ఒకసారి తూలి, నిలదొక్కుకుని, ఇంటి వైపు ఒక్కతే నడిచింది. మిత్సుయే పక్కకి జరిగి పారకి దారిచ్చింది.